మూత్రంలో ప్రొటీన్ ‘నిల్’ అంటే కిడ్నీ జబ్బు లేనట్టేనా? ఉద్దానం, రక్త మూత్ర సూచికలు, కొత్త మందుల గురించి

ప్రశ్న: కొబ్బరితోట

సభ్యులందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతంలో, సోంపేట దగ్గర పల్లె. మా నాన్నగారికి 58 ఏళ్లు, జీడిమామిడి, కొబ్బరి తోటల్లో పని చేసుకునే రైతు. ఊళ్లో పెట్టిన వైద్య శిబిరంలో ఆయనకు క్రియాటినిన్ 1.4 వచ్చింది. షుగర్ లేదు, బీపీ 130/80కి అటూ ఇటూగా ఉంటోంది, మూత్రంలో స్ట్రిప్పు ముంచి చూసి ప్రొటీన్ ‘నిల్’ అని రాశారు. నీళ్లు బాగా తాగమని చెప్పి పంపించేశారు. డయాలిసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు పలాసకో సోంపేటకో వెళ్లివచ్చే మనుషులు చుట్టూ ఉన్న ప్రాంతం మాది కాబట్టి, ఆ ఒక్క మాటతో ఊరుకోలేకపోతున్నాను.

ప్రొటీన్ లేదన్నప్పుడు ఈ 1.4ను జబ్బుగా తీసుకోవాలా? సిస్టాటిన్-సి, ఎన్‌గాల్, కిమ్-1 అనే పరీక్షల గురించి చదివాను, అవి చేయిస్తే ముందుగానే తెలుస్తుందా? మా ప్రాంతంలో ఈ జబ్బుకు కారణం నీళ్లా, ఎండా, పురుగుమందులా అన్నది ఇప్పటికైనా తేలిందా? హైదరాబాదులో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటే డాపాగ్లిఫ్లోజిన్ రాశారు, అది నాన్నకు కూడా మొదలుపెట్టించమని అన్నయ్య గట్టిగా చెబుతున్నాడు. యూరిక్ యాసిడ్ కూడా కొంచెం ఎక్కువే ఉందని ఊరి ఆర్‌ఎంపీ ఇంకేదో మాత్ర ఇచ్చారు. నా వయసు 32, నా క్రియాటినిన్ 1.0, రిపోర్టులో ‘నార్మల్’ అనే ఉంది. తెలిసినవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: నెఫ్రాన్

అమ్మా, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో కిడ్నీ జబ్బుల విభాగంలో పనిచేసి విరమించిన వైద్యుడిని. మీ నాన్నగారిని చూడకుండా జబ్బు ఉందనీ లేదనీ చెప్పడం తగదు. అయితే మీ చేతిలో ఉన్న కాగితాన్ని ఎలా చదవాలో చెప్పగలను.

క్రియాటినిన్ కండరాల్లో నిత్యం పుట్టే వ్యర్థం. దానిని కిడ్నీలు బయటికి పంపుతాయి కాబట్టి, అవి మందగిస్తే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. కానీ ఎంత పుడుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది గనుక ఒంటరి అంకెకు అర్థం తక్కువ. వయసు, లింగం చూసి కిడ్నీ పనితీరును లెక్కగట్టే, 2021లో వచ్చిన సీకేడీ-ఎపీ సూత్రంలో ఇదే 1.4ను వేసి చూడండి: 28 ఏళ్ల యువకుడికి వడపోత వేగం, అంటే రిపోర్టుల్లో ఈజీఎఫ్‌ఆర్ అని రాసేది, 70 దగ్గర వస్తుంది, మీ నాన్నగారి వయసు పురుషుడికి 58 దగ్గర, అదే వయసు స్త్రీకి 44 దగ్గర వస్తుంది. 32 ఏళ్ల స్త్రీకి 1.0 అంటే 77 దగ్గర. మీ రిపోర్టులోని ‘నార్మల్’ అనే మాట తప్పు కాదు, మిగతావన్నీ బాగుంటే 77ను జబ్బు అనరు. కాకపోతే మీ వయసుకు అది ఎగువ స్థాయి కూడా కాదు కాబట్టి, ఏడాదికోసారి చూపించుకుంటూ ఆ అంకె ఎటు కదులుతోందో గమనించడం మంచిది.

ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువగా, లేదా మూత్రంలో ఆల్బుమిన్ అనే రక్తపు ప్రొటీన్ వంటి, కిడ్నీ దెబ్బతిన్నట్టు చెప్పే గుర్తులు కనీసం మూడు నెలల పాటు నిలిచి ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటాం. ఎండలో ఒళ్లు వంచి పనిచేసి వచ్చిన రోజున, వాంతులు విరేచనాలైన వారంలో, ముందురాత్రి మాంసం బాగా తిన్నప్పుడు క్రియాటినిన్ కొంత పెరిగి కనిపించవచ్చు. అందువల్ల ఒకటి రెండు రోజులు పని మానిపించి మళ్లీ ఒకసారి, మూడు నెలల తర్వాత ఇంకొకసారి, వీలైనంతవరకు అదే ల్యాబులో పరీక్ష చేయించండి. ల్యాబు ల్యాబుకూ కొలిచే పద్ధతి మారుతుంది, 1.3కీ 1.5కీ మధ్య తేడా కొన్నిసార్లు కిడ్నీది కాక యంత్రానిది అవుతుంది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. మూత్రపు స్ట్రిప్పు ప్రధానంగా ఆల్బుమిన్‌ను మాత్రమే పట్టుకుంటుంది, అది కూడా మోతాదు కొంత పెరిగాకనే. వడపోత జరిగే గ్లోమెరులస్ దెబ్బతిన్నప్పుడు, అంటే షుగర్ వల్ల వచ్చే జబ్బులో, ఆల్బుమిన్ ముందుగా కారుతుంది. ఉద్దానంలో బయాప్సీలు ఎక్కువగా చూపించినది వేరు: అక్కడ దెబ్బ తగిలేది వడపోత తర్వాత ఉండే సన్నని గొట్టాలకూ వాటి చుట్టూ ఉన్న కణజాలానికీ. అటువంటి జబ్బులో ఆల్బుమిన్ చాలాకాలం స్వల్పంగానే ఉంటుంది, బీపీ పెరగదు, కాళ్లు వాయవు. ‘నిల్’ అన్న రెండక్షరాలను చూసి ధైర్యంగా ఇంటికి వెళ్లి, క్రియాటినిన్ 4 దాటాక వచ్చిన రైతులను నేను చాలామందిని చూశాను. అది వారి నిర్లక్ష్యం కాదు. ఆ స్ట్రిప్పు దేనిని చూడలేదో వారికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి స్ట్రిప్పుతో సరిపెట్టకుండా మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, ఏసీఆర్, చేయించండి. అది గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు, 300 దాటితే తీవ్రం. దానితో పాటు పొటాషియం, బైకార్బనేట్, హిమోగ్లోబిన్, కిడ్నీల అల్ట్రాసౌండ్ కూడా అవసరం. కిడ్నీలు చిన్నబడి ఉంటే జబ్బు పాతదని అర్థం.

సిస్టాటిన్-సి శరీరంలోని కణాలన్నింటిలోనూ పుట్టే చిన్న ప్రొటీన్. కండరాల మీద అంతగా ఆధారపడదు కాబట్టి, క్రియాటినిన్ లెక్క మీద అనుమానం ఉన్నచోట రెండింటినీ కలిపి లెక్కకట్టమని 2024 నాటి అంతర్జాతీయ కేడిగో మార్గదర్శకాలు సూచించాయి. థైరాయిడ్ జబ్బు, స్టిరాయిడ్ మందులు, పొగతాగడం, స్థూలకాయం దాన్ని కూడా తప్పుదారి పట్టిస్తాయి. మీ నాన్నగారి అంకె సరిగ్గా 60 అనే గీత దగ్గర ఉంది గనుక ఆయనకు ఒక్కసారి చేయిస్తే ఉపయోగమే.

ఎన్‌గాల్, కిమ్-1 సంగతి వేరు. ఇవి గొట్టాలు గాయపడిన వేళ మూత్రంలో పెరిగే ప్రొటీన్లు. పరిశోధకులకు ఇవి ఎంతో విలువైనవి. కానీ ఒక మనిషికి ఒక రోజు వచ్చిన ఎన్‌గాల్ అంకెను పట్టుకుని పదేళ్ల తర్వాత అతని కిడ్నీ ఎలా ఉంటుందో చెప్పగలిగిన స్థితి నేటికి లేదు. వాటి మీద డబ్బు పెట్టకండి.

జవాబు: పల్లెబాట

నెఫ్రాన్ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తూ, ఒక్క విషయంలో ఇంకాస్త గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. నేను కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటింటి సర్వేల్లో పనిచేశాను. ఈ ఊళ్లలో బక్కపలచని శరీరాలు, మాంసం అరుదుగా దొరికే భోజనాలు ఎక్కువ. కండ తక్కువైనచోట క్రియాటినిన్ తక్కువగా పుడుతుంది, దాని వల్ల ఈజీఎఫ్‌ఆర్ అసలున్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. ఈ సూత్రాలు ప్రధానంగా అమెరికా, ఐరోపా ప్రజల కొలతల నుంచి తయారైనవి. అందుకని మన దగ్గర సిస్టాటిన్-సిని ‘అనుమానం ఉంటే’ అనే షరతుతో కాకుండా, 60కీ 75కీ మధ్య అంకె వచ్చిన ప్రతి సన్నని రైతుకూ ప్రభుత్వమే చేయించాలని నా అభిప్రాయం.

కారణం తేలిందా అని అడిగారు. ఒకే కారణంగా తేలలేదు. 2019లోనూ 2020లోనూ ప్రచురితమైన రెండు పెద్ద సర్వేలు ఉద్దానం పెద్దవారిలో 18 నుంచి 21 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నట్టు చూపించాయి. వారిలో అధికులకు షుగర్ గానీ, జబ్బుకు ముందునుంచీ ఉన్న బీపీ గానీ కారణంగా కనిపించలేదు. వయసు, పురుషులు కావడం, వ్యవసాయ శ్రమ వంటివి ప్రమాదంతో ముడిపడి కనిపించాయి. అయితే ముడిపడి ఉండటం వేరు, కారణం కావడం వేరు. నీళ్లలో సిలికా ఎక్కువని కొందరు, భార లోహాలని కొందరు, పురుగుమందులని కొందరు వాదించారు; ఏ ఒక్కటీ ఊరి నుంచి ఊరికి జబ్బు ఎందుకు మారుతుందో పూర్తిగా వివరించలేకపోయింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో అనూరాధపురం, పొలొన్నరువ జిల్లాల వరి రైతుల్లోనూ, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ ఇదే పోలికతో జబ్బు ఉంది. నికరాగువాలో చెరకు నరికేవారిని పరిశీలించినప్పుడు, కోత కాలం ముగిసేసరికి వారి మూత్రంలో ఎన్‌గాల్ వంటి గాయపు గుర్తులు పెరిగాయి. నెఫ్రాన్ గారు రోగికి ఉపయోగం లేదన్న ఆ సూచికే, ‘గాయం ఎప్పుడు, ఎవరికి తగులుతోంది’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది. తీవ్రమైన ఎండలో భారీ శ్రమ చేయడం, నీరు కోల్పోవడం, అదే మనిషి మళ్లీ మళ్లీ చిన్న చిన్న గాయాలు పొందడం అనే వాదం అక్కడ బలపడింది. తర్వాత అక్కడి చెరకు తోటల్లో నీడ, విరామం, నీళ్లు తప్పనిసరి చేసిన కార్యక్రమం కిడ్నీ గాయాలను తగ్గించింది. కారణం పూర్తిగా తేలకముందే ప్రాణాలు కాపాడే పని ఒకటి దొరికిందని దీనర్థం, మన పాలకులు గమనించవలసింది కూడా ఇదే.

అయితే అక్కడి వాదాన్ని తెచ్చి ఇక్కడ యథాతథంగా అతికించకూడదు. చెరకు తోటలో నీడ ఉండదు. ఉద్దానం పేరే ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు, మన రైతు కొబ్బరి, జీడి, పనస చెట్ల కింద పని చేస్తాడు. తీరపు ఉక్కలో చెమట ఆరదు గనుక నీడలో ఉన్నా ఒంటి వేడి దిగదన్నది ఒక ఆలోచన. పుట్టినప్పుడు బరువు తక్కువగా ఉన్నవారికి కిడ్నీలో నెఫ్రాన్లు అనే వడపోత భాగాల సంఖ్యే తక్కువగా ఉండి, జీవితాంతం తట్టుకునే శక్తి తగ్గుతుందన్నది మరొకటి. నా మట్టుకు నాకు ఇది ఒకటి మీద ఒకటి పడే అనేక దెబ్బల ఫలితంగానే తోస్తుంది.

నీటి విషయంలో, వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మీ ఊరికి ఆ నీళ్లు వస్తుంటే వాటినే తాగండి, అందులో నష్టం లేదు. కానీ ఇరవై ఏళ్లలో ముదిరే జబ్బు విషయంలో నీళ్లు మార్చిన ఫలితం రెండు మూడేళ్లలో కనబడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

జవాబు: ఔషధశాస్త్రం

మందుల గురించి నేను రాస్తాను. ఫార్మకాలజీ బోధించడం నా వృత్తి.

కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేసే మందుల చరిత్రలో 1993లో క్యాప్టోప్రిల్, 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ షుగర్ రోగుల్లో పనిచేస్తాయని రుజువయ్యాక దాదాపు రెండు దశాబ్దాలు కొత్తది రాలేదు. 2019లో కానాగ్లిఫ్లోజిన్‌పై క్రెడెన్స్, 2020లో డాపాగ్లిఫ్లోజిన్‌పై డాపా-సీకేడీ, తర్వాత ఎంపాగ్లిఫ్లోజిన్‌పై ఎంపా-కిడ్నీ అధ్యయనాలు ఆ స్తబ్ధతను తొలగించాయి. డాపా-సీకేడీలో 4,304 మంది పాల్గొన్నారు, కిడ్నీ బాగా క్షీణించడం, డయాలిసిస్ దాకా వెళ్లడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణించడం అన్నీ కలిపి చూస్తే ముప్పు 39 శాతం తగ్గింది. వారిలో మూడోవంతు మందికి షుగర్ లేదు. అందుచేత మీ అన్నయ్యగారి మాటకు ఆధారం లేదని అనలేం.

కానీ ఆ అధ్యయనంలో చేరడానికి ఏసీఆర్ కనీసం 200 ఉండాలి. ఎంపా-కిడ్నీలో ఆల్బుమిన్ లేనివారినీ తీసుకున్నారు, అయితే ఈజీఎఫ్‌ఆర్ 20కీ 45కీ మధ్య ఉంటేనే. ఈ రెండు గుమ్మాల్లో మీ నాన్నగారు దేనిలోనూ పట్టడం లేదు: ఆయన ఈజీఎఫ్‌ఆర్ 58 దగ్గర, స్ట్రిప్పు ప్రకారం ఆల్బుమిన్ లేదు. కేడిగో సూచనలు కూడా దాదాపు ఇవే హద్దులతో ఉన్నాయి, గుండె వైఫల్యం ఉన్నవారికి మాత్రం ఆల్బుమిన్‌తో పని లేదు. పైగా ఈ మందు చక్కెరతో పాటు ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపుతుంది. చెమటలో నీరు కోల్పోవడమే గాయానికి మూలమని అనుమానిస్తున్న ప్రాంతంలో, తోటలో పనిచేసే మనిషికి, ఉద్దానం తరహా జబ్బులో ప్రత్యేకంగా పరీక్షించకుండా దీన్ని అందరికీ పంచడం నాకు సమ్మతం కాదు. ధర ఇప్పుడు అడ్డంకి కాదు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2023 నాటికి, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో ముగిసి చవక మాత్రలు వచ్చాయి. చవకగా దొరుకుతోంది కాబట్టే సరైన మనిషికి చేరుతోందా అని చూడవలసిన అవసరం ఎక్కువైంది.

షుగర్ ఉన్న మీ అన్నయ్యగారికి మాత్రం దారులు పెరిగాయి. ఫినరెనోన్ అనే మాత్ర పనిచేస్తుందని 2020, 2021లలో రుజువైంది. వారానికోసారి తీసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ ప్రధాన కిడ్నీ ముప్పును 24 శాతం తగ్గించిందని 2024లో ఫ్లో అధ్యయనం చూపించింది. ఫినరెనోన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏ ఒక్కదానికన్నా ఆల్బుమిన్ ఎక్కువగా తగ్గుతుందని 2025లో తేలింది.

సూచికల గురించి అడిగారు గనుక ఒక ముఖ్య విషయం. బార్డాక్సొలోన్ అనే మందు తీసుకున్నవారిలో ఈజీఎఫ్‌ఆర్ అంకె చక్కగా పెరిగింది, అందరూ ఆశపడ్డారు. 2012లో పెద్ద అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది, ఎందుకంటే ఆ మందు తీసుకున్నవారిలో గుండె వైఫల్యం పెరిగింది. డాపాగ్లిఫ్లోజిన్ దీనికి పూర్తిగా విరుద్ధం: మొదలుపెట్టిన తొలి వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది, తర్వాత ఏళ్ల తరబడి కిడ్నీని కాపాడుతుంది. అంకె బాగుపడినంత మాత్రాన మనిషి బాగుపడినట్టు కాదు, అంకె చెడినంత మాత్రాన మందు చెడ్డదీ కాదు. మూత్రంలోని పెప్టైడ్లు అనే చిన్న ప్రొటీన్ తునకల గుర్తుల ద్వారా షుగర్ రోగుల్లో ఎవరికి కిడ్నీ జబ్బు రాబోతోందో ముందే గుర్తించిన ప్రయారిటీ అధ్యయనం కూడా 2020లో ఇటువంటి పాఠమే నేర్పింది: గుర్తించడంలో సఫలమైంది, కానీ అలా గుర్తించినవారికి ఇచ్చిన స్పైరనోలాక్టోన్ అనే మందు జబ్బును ఆపలేకపోయింది.

యూరిక్ యాసిడ్ మాత్ర గురించి: వడపోత తగ్గితే యూరిక్ యాసిడ్ దానంతటదే పెరుగుతుంది. అల్లోప్యూరినాల్‌తో దాన్ని తగ్గిస్తే కిడ్నీ క్షీణత నెమ్మదిస్తుందా అని చూసిన రెండు మంచి అధ్యయనాలు 2020లో వెలువడ్డాయి, రెండింటిలోనూ ప్రయోజనం కనబడలేదు. గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల నొప్పులు, లేకపోతే ఆ మాత్ర ఎందుకు ఇచ్చారో కిడ్నీ వైద్యుడిని అడిగి తెలుసుకోండి.

కొబ్బరితోట

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఏసీఆర్, సిస్టాటిన్-సి చేయిస్తాను, డాపాగ్లిఫ్లోజిన్ విషయం అన్నయ్యకు చెబుతాను. ఇంకొక్క సందేహం. నాన్నకు నడుము నొప్పి ఉంది, సాయంత్రం తోట నుంచి వచ్చాక మాత్ర వేసుకుంటారు. మాత్ర మానితే నాటువైద్యుడి దగ్గరికి వెళ్తానంటున్నారు. ‘నీళ్లు బాగా తాగండి’ అన్నది కూడా ఎంతవరకు పాటించాలి?

జవాబు: నెఫ్రాన్

ఆ మాత్ర పేరు ముందుగా చూడండి అమ్మా. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం అయితే ఈ రోజే ఆపించండి. ఒంట్లో నీరు తగ్గిన వేళ కిడ్నీకి రక్తం అందేలా రక్తనాళాలను తెరిచి ఉంచే రసాయనాన్ని అవి అడ్డుకుంటాయి. చెమటోడ్చి వచ్చిన సాయంత్రమే అది వేసుకోవడం అన్నింటికంటే ప్రమాదకరమైన వేళ. బదులుగా వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్, నొప్పి ఉన్నచోట కాపడం వాడుకోవచ్చు. మీ నాన్నగారికి చేయవలసిన పనులన్నిటిలో ఫలితం ఖాయంగా ఇచ్చేది ఇదేనని నా నమ్మకం.

నాటుమందుల్లో పేరు తెలియని పొడులు, భస్మాలు వద్దు. ఈశ్వరి చెట్టు జాతిలో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. బెల్జియంలో బరువు తగ్గడానికి వాడిన మూలికల్లో అది కలిసి, ఆడవారికి కిడ్నీలు వేగంగా చెడిపోయాయని 1993లో బయటపడింది. బాల్కన్ పల్లెల్లో దశాబ్దాలపాటు అంతుపట్టని కిడ్నీ జబ్బుకూ అదే మూలమని తర్వాత తేలింది. అక్కడా గాయం సన్నని గొట్టాలకే.

నీళ్ల విషయంలో, మధ్యస్థ దశలో ఉన్న రోగుల చేత రోజూ అదనంగా నీళ్లు తాగిస్తే కిడ్నీ నిలబడుతుందా అని కెనడాలో పరీక్షించారు. 2018లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో ఏడాది తర్వాత తేడా కనబడలేదు. ఇంట్లో కూర్చున్న మనిషి చెంబుల కొద్దీ తాగనవసరం లేదు. తోటకు వెళ్లే రోజు మాత్రం వేరు: దాహం వేసేదాకా ఆగకుండా గంటగంటకూ తాగాలి, మధ్యాహ్నపు ఎండలో పని ఆపాలి, మూత్రం ముదురు పసుపుగా వస్తే ఆ రోజుకు ఇంటికి వచ్చేయాలి.

ఔషధశాస్త్రం గారి జాగ్రత్తను నేను గౌరవిస్తాను. అయినా ఏసీఆర్ 200 దాటి వస్తే ఉద్దానం మనిషైనా నేను డాపాగ్లిఫ్లోజిన్ ఇచ్చే పక్షమే. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్న రోజుల్లోనూ, ఆపరేషన్‌కు ముందూ ఆపాలని ఇంట్లో అందరికీ చెప్పి మరీ ఇస్తాను.

రెండో పరీక్షలో ఈజీఎఫ్‌ఆర్ 60 కిందనే ఉంటే, మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకోసారి చూపించండి. ఏడాదిలో 5 యూనిట్లకు మించి పడిపోయినా, ఏసీఆర్ 300 దాటినా, మూత్రంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా కిడ్నీ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, శిబిరంలో ఇచ్చిన ఆ చీటీతో సహా, తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి.